మన కుక్క, పొరుగువారి వాకిలి



రాత్రివేళ కుక్క మొరిగి దొంగను తరిమినప్పుడు అది ఎవరి కుక్క అని అడిగినయెడల, "మా కుక్కే" అని యింటివారందరును ముందుకు వచ్చి చెప్పుదురు. తెల్లవారుజామున ఆ కుక్కయే ప్రక్కయింటివారి వాకిట మలవిసర్జనము చేసి పోయినప్పుడు అది ఎవరి కుక్క అని అడిగినయెడల, "ఏమో, ఊరకుక్క. ఎవరు పెట్టినా తింటుంది" అను జవాబు వచ్చును. రాత్రి యజమానుడున్న కుక్కకు తెల్లవారుసరికి యజమానుడు లేకపోవుట యెట్లు? ఈ మాసము మేము ఆలోచింపగోరిన సంగతి ఇదియే. ఇంత చిన్న విషయమును సంఘపత్రికలో వ్రాయవలెనా అని కొందరు నవ్వవచ్చును. అయితే మా సేవాప్రాంతపు గ్రామములలో ఏ యే యిండ్ల మధ్య మాటలు నిలిచిపోయినవో, ఎందువలన నిలిచిపోయినవో జ్ఞాపకము చేసికొనినయెడల, పొలముగట్టు తగవుల తరువాత కోడి, మేక, కుక్క అను ఈ మూటివలన వచ్చినవే యెక్కువగా మాకు కనబడుచున్నవి.

మన గ్రామములలో కుక్కను వెలయిచ్చి కొని తెచ్చువారు తక్కువ. ఎక్కడనో ఈనిన కుక్కపిల్ల యొకటి వానకు తడిసి వచ్చును. ఇంటిలోని పిల్లవాడు దానికి ఇంత గంజి పోయును. నెల తిరుగకముందే అది అరుగు క్రింద పడుకొనుట అలవాటు చేసికొనును. దానికి గొలుసు లేదు. కాబట్టి "మేము పెంచడం లేదండి, అదే వచ్చి పడివుంది" అనువారి మాటలో కొంత నిజము లేకపోలేదు. అయినను ఆ కుక్క ఎవరి గుమ్మము ముందు నిలువబడి క్రొత్తవానిని చూచి మొరుగుచున్నదో, ఎవరియింట కంచము కడుగు చప్పుడు విని వీధి చివరనుండి పరుగెత్తి వచ్చుచున్నదో చూడుడి. ఎద్దును గాడిదయు తమకు మేత పెట్టువానిని ఎరుగునని యెషయా ప్రవక్త తన గ్రంథము మొదటి అధ్యాయములోనే చెప్పెను. పశువునకు తన యజమానుడెవరో సందేహము లేదు. సందేహమంతయు యజమానునికే.

అన్నము పెట్టినవానిది కుక్కయైనయెడల, ఆ అన్నము మరునాటి ఉదయమున ఏమగునో అదియు వానిదే గదా. కుక్కను ఉంచుకొనుట యనగా దాని కాపలాను ఉంచుకొని తక్కినదానిని ఊరిమీద విడుచుట కాదు.

నిర్గమకాండము 21వ అధ్యాయములో ఎద్దు మనుష్యుని పొడిచిన సంగతిని గూర్చిన కట్టడ యొకటి కలదు. ఆ యెద్దు అంతకు ముందెన్నడును పొడవనిదైనయెడల యజమానుడు నిర్దోషి. అది పొడుచు ఎద్దని అతనికి ముందుగా తెలియజేసినను అతడు దానిని భద్రము చేయకపోయినయెడల దోషము అతనిమీదికి వచ్చును. కుక్క చేయు అశుద్ధము ప్రాణము తీయు కొమ్ము కాదు. ఆ కట్టడలోని శిక్షను మేము ఎవరిమీదను మోపబోవుట లేదు. అందులోని న్యాయము నడిచిన త్రోవను మాత్రము గమనింపుడి. మొదటిసారి జరిగినది పశువు చేసిన పని. తెలిసిన తరువాత జరిగినది మనము చేసిన పని. కుక్కకు సిగ్గు లేదు, సరిహద్దు తెలియదు, ముగ్గుకును మట్టికిని భేదము తెలియదు. దానికి తెలియనిది మనకు తెలియును గనుకనే లెక్క మనయొద్ద అడుగబడుచున్నది.

అయితే "తెలియజేయుట" అను ఈ మాటయొద్ద మేము చాలసేపు నిలిచిపోవలసి వచ్చినది. దానికి కారణము మా సేవాప్రాంతములోని ఒక గ్రామములో జరిగిన సంగతి.

అక్కడ ఒక సందులో రెండిండ్లు ఎదురెదురుగా నున్నవి. ఒకటి కలిగినవారి యిల్లు. వారికి బలమైన కుక్క కలదు. ఎదుటి యింటిలో ఒక వృద్ధురాలు, విధవరాలు, ఒంటరిగా నున్నది. ప్రతి ఉదయము ఆ కుక్కను విడిచిపెట్టగానే అది సందు దాటి వచ్చి ఆమె వాకిటనే కూర్చుండును. ఆమె వంగలేని నడుముతో రెండు రేకుముక్కలు పట్టుకొని దానిని ఎత్తి, బూడిద చల్లి, నీళ్లు పోసి కడిగి, ఆ తరువాత కళ్లాపి చల్లుకొనును. మేము పరామర్శకు వెళ్లిన దినమున అది చూచి, "ఎదురింటివారితో చెప్పరాదా అవ్వా?" అని అడిగితిమి. ఆమె మెల్లగా, "అయ్యగారూ, నేను కుక్క సంగతి ఎత్తితే వాళ్లు అప్పు సంగతి ఎత్తుతారండి" అనెను. ఆమె వారికి కొంత సొమ్ము బాకీయుండెను.

కొన్ని దినముల తరువాత మరియొక పనిమీద ఆ యెదురింటికి వెళ్లి, మాటలలో ఆ సందులోని అపరిశుభ్రతను గూర్చి ఎత్తితిమి. అవ్వను గూర్చి మేమేమియు అనలేదు. ఆ గృహస్థుడు దుర్మార్గుడు కాడు. అతడే, "మా కుక్క వల్ల ఎవరికీ ఇబ్బంది లేదండి. ఆ ఎదురింటి అవ్వ కూడా ఏనాడూ మాతో ఒక్క మాట అనలేదు" అని నిండు మనస్సుతో చెప్పెను. నిజమే. ఆమె అనలేదు.

ప్రియులారా, ఇందులో అబద్ధమాడినవారు ఎవరును లేరు. ఆమె చెప్పలేదు, అతనికి తెలియలేదు. అట్లయిన ఎద్దును గూర్చిన కట్టడ చొప్పున అతడు నిర్దోషియేనా? మాకు అట్లు తోచదు. ఒకడు తనకు ఎవరును చెప్పలేని స్థితిలో పొరుగువారి నుంచుకొని, నాకు ఎవరును చెప్పలేదని అనినయెడల, ఆ తెలియకపోవుట అతడు కట్టుకొనిన గోడయే. అప్పిచ్చినవాడు, కూలికి పిలుచువాడు, పంచాయితీలో మాట చెల్లువాడు, సంఘములో పెద్దయైనవాడు, ఇట్టివారు తమ పొరుగువారి మౌనమును సమ్మతిగా లెక్కించుకొనరాదు. ఫిర్యాదు రాలేదన్న మాట సమానుల మధ్య కొంత విలువ గలది. ఎక్కువ తక్కువల మధ్య దానికి విలువ లేదు. అచ్చట మనము కండ్లతో చూచియే తెలిసికొనవలెను. అయినను చూచుట ఎంత కష్టము? సందు వెడల్పు ఆరు అడుగులు లేదు.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో మరియొక చిత్రమైన ఆజ్ఞ కలదు. పొరుగువానికి అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువును తీసికొనుటకు వాని యింటిలోనికి పోరాదు, బయటనే నిలువవలెను, బాకీదారుడే దానిని బయటికి తెచ్చి యియ్యవలెను. అప్పిచ్చినంత మాత్రమున బీదవాని గడప మీద హక్కు వచ్చినట్టు కాదన్నమాట. యజమానుడే దాటరాని చోటికి అతని కుక్క దినదినము వెళ్లి వచ్చుచున్నయెడల ఏమనవలెను?

మన స్త్రీలు వాకిటిని ఎట్లు చూచుకొందురో పురుషులమైన మనకు సరిగా తెలియదు. చీకటితోనే లేచి, ఊడ్చి, నీళ్లు చల్లి, ఆ తరువాతనే తక్కిన పని మొదలుపెట్టుదురు. మన యిండ్లలో కొందరు ముగ్గు వేయుట మానుకొనిరి, కొందరు వేయుదురు. దానిని గూర్చి ఇప్పుడు మాకు చర్చ లేదు. ఊడ్చుట మాత్రము ఎవరును మానలేదు. ఆ ఊడ్చిన నేలమీద మరల అశుద్ధము కనబడినప్పుడు ఆ తల్లి మనస్సులో కలుగునది ఒక్క అసహ్యము మాత్రమే కాదు, తన పనిని లెక్క చేయలేదను నొప్పి. మరియొక మాట. కుక్కను గూర్చి గొప్పలు చెప్పుకొనువాడు సాధారణముగా పురుషుడు. దాని మలమును ఎత్తునది, తన యింట నైనను పొరుగింట నైనను, సాధారణముగా స్త్రీ. "నా కుక్క" అను పురుషుడు చేతిలో పార పట్టుకొని కనబడిన దినమున ఆ మాటను మేము నమ్ముదుము.

ఇక్కడ చెప్పుటకు కొంచెము కష్టముగానున్న సంగతి యొకటి చెప్పక తప్పదు. మన సంఘములలో అనేకుల తాతముత్తాతలు ఊరివారి చచ్చిన పశువులను ఈడ్చిరి, ఊరివారి మురికిని ఎత్తిరి. అది వారి పని అని ఊరు నిర్ణయించెను గాని వారు కోరుకొనలేదు. మనుష్యుల మలమును మనుష్యులచేత ఎత్తించుటను నిషేధించుచు మన దేశములో 1993లో ఒక చట్టమును, 2013లో మరింత కఠినమైన చట్టమును చేయబడెను. ఒకరి అశుద్ధమును మరియొకరు ఎత్తుట జన్మముచేత వచ్చిన విధి కాదని చెప్పుటకు ఇంత కాలము పట్టెను. ఆ భారము మోసినవారి సంతతియైన మనము, మన కుక్క చేసినదానిని ఎదురింటి అవ్వ ఎత్తుననుకొని నిద్రపోవుట న్యాయమా? కులము పేరు చెప్పకున్నను, అప్పు పేరు చెప్పకున్నను, "నా మురికిని ఎత్తుటకు మరియొకరున్నారు" అను తలంపు ఆ పాత తలంపే.

"పేడతోనే వాకిలి అలుకుతాము గదా, దీనికింత గొడవ యెందుకు?" అని కొందరు అడుగుదురు. పశువు గడ్డి తినును. కుక్క ఎముకలను, మాంసపు తునకలను, ఒక్కొక్కప్పుడు చచ్చినవాటిని తినును. అందుచేత ఆ రెండును ఒక్కటి కావు. కుక్కల కడుపులో టాక్సోకారా అను ఏలికపాము జాతి పురుగు పెరుగును. అది దినమునకు వేలకొలది గుడ్లు పెట్టును. అవి మలముతోకూడ నేలమీద పడును. ఆ గుడ్లు పడిన దినముననే హాని చేయవు. మట్టిలో సుమారు రెండు వారములనుండి నాలుగు వారముల వరకు ముదిరిన తరువాత హానికరమగును. అటుపిమ్మట నెలలు, ఒక్కొక్కచోట సంవత్సరములు కూడ మట్టిలో నిలిచియుండును. మట్టిలో ఆడుకొని చేయి కడుగకుండ నోటిలో పెట్టుకొనిన పిల్లల శరీరములోనికి అవి పోయి కాలేయమునకును ఊపిరితిత్తులకును ప్రాకును. కొందరిలో కంటికి చేరి చూపు చెరచును. కొంకిపురుగు జాతి మరియొకటి చెప్పులు లేని పాదముల చర్మమునుండియే లోపలికి దూరి ఎఱ్ఱని చారలుగా దురద పుట్టించును. ఇందులో మనకు ఉపకరించు సంగతి యొకటి కలదు. ఏ దినపు మలమును ఆ దినముననే ఎత్తివేసినయెడల ఆ గుడ్లకు ముదురుటకు వ్యవధియే యుండదు. ఎండకు ఎండి పొడియై పోవునులే అని విడిచిపెట్టినప్పుడు కంటికి కనబడునది పోవును గాని గుడ్లు మట్టిలోనే మిగులును.

2014 అక్టోబరు 2వ తేదీన స్వచ్ఛభారత్ ఆరంభమైన తరువాత మన పేటలలోను మరుగుదొడ్లు కట్టబడినవి. ఒకప్పుడు చెంబు పట్టుకొని రోడ్డు ప్రక్కకు పోయిన మనమే ఈనాడు అట్లు పోవుటకు సిగ్గుపడుచున్నాము. కాని మన కుక్కను మాత్రము ఇంకను పొరుగువారి వాకిటికి పంపుచునే యున్నాము.

అమెరికాలో ఉద్యోగము చేయుచున్న కుమారునియొద్దకు వెళ్లివచ్చిన పెద్దమనిషి యొకడు మాతో మాటలాడుచు, అక్కడ తన కుమారుడు ప్రతి సాయంకాలము కుక్కను త్రాటితో నడిపించుచు, అది కూర్చుండిన చోట తానును వంగి, చేతికి సంచి తొడుగుకొని, దానిని ఎత్తి మూటగట్టి పారవేయుచున్నాడని చెప్పి కడుపుబ్బ నవ్వెను. "ఇంత చదివించి పంపింది ఇందుకా అయ్యగారూ!" అనెను. ఆ దేశములోను ఈ అలవాటు ఆదినుండి యున్నది కాదు. న్యూయార్కు పట్టణములో కుక్క మలమును యజమానుడే ఎత్తవలెనను చట్టము 1978 ఆగస్టు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. అంతవరకు అక్కడి కాలిబాటలు కూడ నడువ శక్యముగాక యుండెను. మొదట జుల్మానాకు భయపడి వంగిరి. ఇప్పుడు చాలమంది చూచువారు లేకున్నను వంగుచున్నారు. ఆ పెద్దమనిషితోపాటు మేము నవ్వలేదు. చదివించిన చదువు ఆ కుమారునికి బాగుగనే పట్టినదని మాత్రము అంటిమి. ఆయనకు ఆ మాట అంతగా రుచించినట్టు లేదు.

మనకు సంచులును కాలిబాటలును లేవు. కాని పార లేని యిల్లు మన పల్లెలలో లేదు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో పాళెములోని ప్రతివాడును తన పనిముట్లలో త్రవ్వుటకు ఒకదానిని ఉంచుకొని, పాళెము వెలుపలికి పోయి, త్రవ్వి, మరల మట్టితో కప్పవలెనని ఆజ్ఞ కలదు. దేవుడు పాళెము మధ్య సంచరించుచున్నాడన్నదే అక్కడ చెప్పబడిన కారణము. పరిశుద్ధతను గూర్చి అంత పెద్ద మాట చెప్పిన చోటనే చిన్న పార యొకటి కనబడుట మాకెప్పుడును ఆశ్చర్యము కలిగించును.

కాబట్టి కుక్కను ఉంచుకొనినవారు తమ పెరటిలోనో, పొలము గట్టుననో, నూతికిని బోరింగుకును కూరపాదులకును దూరముగా ఒక గుంట త్రవ్వుకొనవలెను. తెల్లవారుజామున కుక్కను ఊరక విడువక, త్రాటితో పట్టుకొని తమ స్థలమునకే తీసికొని పోవలెను. కుక్క వాసన పట్టిన చోటికే తిరిగి వచ్చు జంతువు. అందుచేత పొరుగువారి వాకిట ఒకసారి జరిగినదానిని బాగుగ కడుగనియెడల అది మరునాడును అక్కడికే పోవును. పిల్లగా నున్నప్పుడు నిద్ర లేచిన వెంటనే, తిండి తినిన కొంచెము సేపటికి దానిని మన స్థలములో వదలుచుండినయెడల కొన్ని వారములలో నేర్చుకొనును. కుక్కపిల్లలకు పురుగులు తల్లి కడుపులోనే అంటును గనుక పుట్టిన రెండు వారములనుండియే పశువుల ఆసుపత్రిలో అడిగి పురుగుల మందు పట్టింపవలెను. పిచ్చికుక్క వ్యాధి రాకుండ సూది వేయించుట ఎటులైనను చేయవలసినదే. దానిని గూర్చి వేరుగా వ్రాయుదుము.

పొరుగువారితోను ఒక మాట. కోపముతో కుక్కమీద వేడినీళ్లు పోసినవారిని, అన్నములో మందు కలిపి పెట్టినవారిని మేము ఎరుగుదుము. నీతిమంతుడు తన పశువు ప్రాణమును గూర్చి ఆలోచించునని సామెతల గ్రంథము 12వ అధ్యాయము చెప్పుచున్నది. పొరుగువాని పశువు ప్రాణమునకు మాత్రము ఆ మాట చెల్లదా? జంతుహింసను నిషేధించు చట్టము 1960నుండియు మన దేశములో కలదు. కుక్క త్రోవ తప్పినందుకు కుక్కను చంపుట, యజమానునితో మాటలాడుటకు చాలని ధైర్యమును మూగజీవిమీద చూపుటయే. ఒంటరిగా చెప్పలేనివారు సంఘపెద్దలలో ఒకరిని తోడు తీసికొని వెళ్లుడి. చెప్పవలసిన సమయము మలమును చూచిన ఆ క్షణము కాదు. అప్పుడు నోట మంచి మాట రాదు. సాయంకాలము వెళ్లుడి.

చెప్పించుకొనినవాడు ఏమి చేయవలెను? "ఇకమీదట చూసుకుంటాంలెండి" అనుట చాలదు. నిర్గమకాండము 22వ అధ్యాయములో, తన పశువును విడిచి పరుని చేను మేపించినవాడు తన సొంత చేనిలోని మంచి పంటనుండి నష్టము అచ్చుకొనవలెనని యున్నది. మిగిలినదానినుండి కాదు, మంచిదానినుండి. ఆ లెక్కన పొరుగువారి వాకిలి పాడుచేసినవాడు పనిమనిషిని పంపక, తానే పారయు నీళ్లబిందెయు పట్టుకొని వెళ్లి, ఎత్తి, కడిగి రావలెను. మేము చెప్పిన ఆ సందులో అది ఇంకను పూర్తిగా జరుగలేదు. ఇప్పుడు కుక్కను ఉదయమున కట్టివేయుచున్నారు, అంతవరకు మేలే. ఆ గృహస్థుని భార్య మాత్రము ఒక దినమున ఎవరికిని చెప్పకుండ రెండు బిందెల నీళ్లు మోసికొని వెళ్లి అవ్వ వాకిలి కడిగినదట. ఆ సంగతి మాకు అవ్వయే చెప్పెను. అప్పు మాట ఇంకను అట్లే యున్నది. దానికి వేరొక సాయంకాలము కావలెను.

ఆదివారమున కొందరి కుక్కలు యజమానుల వెంటనే ఆలయమునకు వచ్చి పందిరి క్రింద పడుకొనుచున్నవి. అవి వచ్చుటకు మాకు అభ్యంతరము లేదు. బల్లక్రింది రొట్టెముక్కలు తిను కుక్కపిల్లలను గూర్చి ఒక తల్లి చెప్పిన మాటను ప్రభువు త్రోసివేయలేదు గదా. గంటస్తంభము ప్రక్కన ఒక పారయు బూడిద డబ్బాయు పెట్టించితిమి. గుంట ప్రహరీ వెనుక, చింతచెట్టుకు ఆవలనున్నది. ఎవరి వెంట వచ్చిన కుక్కకు వారే.